ఏడో అభ్యంతరం

అశోక్ నగర్,
జూన్ 9, సోమవారం

మనోరమకు,

నువ్వు కోరకపోయినా అన్నగా నా ఆశీస్సులు.

కిందటి గురువారం నీ ఉత్తరం మాసమ్మ తెచ్చి ఇచ్చేసరికి దాని మీద సోడా మరక ఉంది. ఖాళీ సీసాల సంచిలో ఉత్తరాలు పంపించుకునే అన్నాచెల్లెళ్లు ఈ హైదరాబాదులో మనమే అయి ఉంటాం. నీ ఇంటికీ నా ఇంటికీ మధ్య నారాయణగూడ వంతెన, చిక్కడపల్లి మార్కెట్టు, ఇరవై నిమిషాల నడక. ఆరేళ్లుగా ఆ నడక నేను నడవలేదు, నువ్వు రమ్మనలేదు. ఫోను చేస్తే ఎత్తవు. "నోటితో ఏం చెప్పొద్దు, రాసి పంపు. రాస్తే కనీసం పంపే ముందు ఒకసారి చదువుకుంటావు" అన్నావు. చదువుకుంటున్నాను. మార్చాల్సిందేమీ నాకు కనిపించడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. సీసాల చట్టాన్ని సర్కారు సమీక్షిస్తుందట. పౌరులు నెల రోజుల్లో సలహాలు, అభ్యంతరాలు పంపవచ్చని పేపర్లో ప్రకటన వేశారు. ఈ చట్టం వచ్చి రెండేళ్లే అయింది. నీళ్ల సీసా కొన్నా, కూల్‌డ్రింకు కొన్నా దుకాణంలో రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటారు, ఖాళీ సీసా వాపసు ఇస్తే ఆ రెండు రూపాయలు తిరిగి ఇస్తారు. నీకు తెలిసిందే. మన మాసమ్మ మార్కెట్టు పక్కన వాపసు సీసాలు జమచేసే ఆకుపచ్చ రేకుల డబ్బా నడిపేది ఈ చట్టం పుణ్యాన్నే. మా వీధి హాస్టళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు నీళ్లు తాగి సీసాలు ఎక్కడివక్కడ పారేస్తారు. ఏరుకొచ్చేది మాసమ్మ.

ఈ చట్టం ముసాయిదా రాసింది ఎవరనుకున్నావు? జైపాల్. న్యాయశాఖలో నా ఎడమ పక్క కుర్చీలో కూర్చుని తొమ్మిదేళ్లు నా దగ్గర పని నేర్చుకుని, నాకు రావలసిన పదవిలో నా ముందే కూర్చున్న జైపాల్. రిటైరయ్యాక సలహాదారు పేరుతో ఈ చట్టం రాశాడు. నిన్న తెప్పించుకుని చదివాను. పదహారు పేజీల్లో ఇరవై రెండు దోషాలు పట్టుకున్నాను. ఎర్ర పెన్సిలు అరిగిపోయింది. ఇరవై రెండూ రాసి పంపుతాను. చూడనీ, నేర్పినవాడెవరో.

ఇక్కడ నిశ్శబ్దం లేదు. కిటికీ కింద పిల్లలు రాజ్యాంగ అధికరణాలు వల్లె వేస్తుంటారు. నిన్న ఒకడు తప్పు చెబితే పైనుంచి సరిచేశాను. తల ఎత్తి "అంకుల్, మీది ఏ బ్యాచ్?" అని అడిగాడు. డెబ్బై ఎనిమిదేళ్లవాణ్ని పట్టుకుని.

మోకాలి మందు మానకు.

కాశీవిశ్వనాథం

*

నారాయణగూడ,
జూన్ 12, గురువారం

అన్నయ్యకు నమస్కారం.

మరక సోడాది కాదు, నా కాఫీది. మాసమ్మ ఉత్తరాన్ని సంచిలో వెయ్యదు, రవికె లోపల పెట్టుకుని తెస్తుంది. ముందు మనిషిని అనుమానించి తరవాత విచారించడం నీకు ఎప్పటినుంచో ఉంది.

అభ్యంతరాలు రాస్తానన్నావు. నేను వద్దంటే మానేవాడివి కాదు, రాసుకో. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. చివర "ఈ చట్టం ఉండాలి, ఈ దోషాలు దిద్ది కొనసాగించండి" అని ఒక వాక్యం రాయి. కోఠీ కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. కప్పను కోసి ఏది ఎక్కడుందో చూపించాక, ఇది బతికున్నప్పుడు గెంతేది అని కూడా చెప్పేదాన్ని. చెప్పకపోతే పిల్లలు ఆ సంగతే మరిచిపోయేవాళ్లు.

ఎందుకు అడుగుతున్నానంటే, మాసమ్మ ఇవాళ ఇక్కడ అరగంట కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు. వాళ్లాయన బుగ్గయ్య విద్యానగర్‌లో స్లాబు మీద నుంచి పడి నడుము పోగొట్టుకున్న సంగతి నీకు తెలుసు. పాలమూరు నుంచి ఇద్దరూ మట్టి పనికి వచ్చినవాళ్లు. ఇప్పుడు అతను డబ్బాలో స్టూలు మీద కూర్చుని సీసాల లెక్క చూసుకుంటాడు.

"గా డబ్బ పోతే మా ఆయన యాడ కూసుంటడమ్మా? కూసోని చేసే పని ఇంకోటి లేదు" అంది.

"ఎందుకు పోతుంది?" అన్నాను.

"తీసేస్తరని మార్కెట్ల అంటున్నరు. నేనేం పరేషాన్ అయితలేను. సారు పెద్ద కాయిదం రాస్తుండు గద. మా ఆయనకు గదే చెప్పిన, సారు రాస్తే ఎవరు తీస్తరని."

నువ్వు జైపాల్ కోసం రాస్తున్నావు. ఆమె తన కోసం అనుకుంటోంది. ఆ ఒక్క వాక్యం రాస్తే ఇద్దరిదీ నిజమవుతుంది.

మందు వాడుతున్నాను. తగ్గలేదు.

మనోరమ

*

అశోక్ నగర్,
జూన్ 16, సోమవారం

మనోరమకు,

కాఫీ మరక గురించి క్షమాపణ మాసమ్మకు చెప్పాను. ఏమిటో అర్థం కాక నవ్వింది.

నువ్వు అడిగిన వాక్యం రాయలేదు. అలిగి కాదు, అవసరం లేక. ఇల్లు కూల్చేయాలనుకున్నవాడు కూర్చుని తలుపు బందులకు నూనె పెడతాడా? ఒక చట్టాన్ని పదహారు పేజీలూ చదివి ఏ సెక్షన్‌లో ఏ మాట మార్చాలో చెప్పినవాడు దాన్ని బతికించమంటున్నాడని వేరే చెప్పాలా? న్యాయశాఖలో ముప్పై రెండేళ్లు అట్లాంటి అలంకారాలు రాయలేదు. రాసినవాళ్లకు పదవులు వచ్చాయి.

ఒక్క దోషం చెబుతాను, నువ్వే ఒప్పుకుంటావు. నా ఏడో అభ్యంతరం. వాపసు సొమ్ము "కొనుగోలుదారుకు" చెల్లించాలి అని రాశాడు జైపాల్. కొన్నది హాస్టలు పిల్లవాడు. తెచ్చింది మాసమ్మ. ఆమె ఏనాడూ ఆ సీసా కొనలేదు. అంటే రెండేళ్లుగా ఈ రాష్ట్రంలో సీసాలు ఏరేవాళ్లకు ఇచ్చిందంతా చట్టం ప్రకారం ఇవ్వకూడనిదే. "సీసా తెచ్చినవారెవరికైనా" అని రాసి ఉంటే ఈ గొడవే లేదు. రేపు ఏ అధికారికైనా బుద్ధి పుడితే మాసమ్మను పట్టుకోవచ్చు. నేను ఆమెను కాపాడుతున్నాను, నువ్వు నన్ను అనుమానిస్తున్నావు.

జైపాల్ మీద నీకు ఎప్పుడూ జాలే. మీ ఆయన జగన్మోహన్ సంస్మరణ సభలో అతను కళ్లు తుడుచుకుంటే నువ్వు మంచినీళ్లు ఇచ్చావు. నేను ఉన్నది ఉన్నట్టు చెబితే గేటు చూపించావు.

కాగితాలు శనివారమే రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. పదకొండు పేజీలు. చివరి పేజీలో సంతకం, పాత హోదా, అంతే.

కాశీవిశ్వనాథం

*

నారాయణగూడ,
ఆగస్టు 21, గురువారం

అన్నయ్యా,

ఈ రెండు నెలలూ వాన గురించీ, నా మోకాలి గురించీ, మీ వీధి కొత్త కోచింగ్ సెంటరు మైకు గురించీ రాసుకున్నాం. అవి బాగానే ఉన్నాయి. ఇవాళ వేరే రాయాలి.

నిన్న పేపర్లో వచ్చింది. సీసాల చట్టం రద్దు బిల్లు. ఎందుకు రద్దు చేస్తున్నారో కారణాలు వేశారు. మొదటి కారణం ఖర్చు. రెండోది దుకాణదారుల ఇబ్బంది. మూడోది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"కొన్నది ఒకరు, వాపసు పుచ్చుకున్నది మరొకరు. హక్కు ఒకరిది, అనుభవం ఇంకొకరిది. న్యాయశాఖలో సుదీర్ఘ అనుభవం గల ఒక విశ్రాంత అధికారి సూచించినట్లు, ఈ పథకం కింద చెల్లింపులు అధిక భాగం అనర్హుల చేతుల్లోకి వెళ్లాయి."

చివరి ముక్క వాళ్లది. మొదటి రెండు వాక్యాలు నీవి. అట్లా తక్కెడలో పెట్టి రాసే మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. కూరలో ఉప్పు గురించి రాసినా అట్లాగే రాస్తావు.

బిల్లు ఇంకా పాసు కాలేదు కానీ వాపసులు అప్పుడే ఆపేశారు. మొన్న ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి డబ్బాకు తాళం వేశాడట. బుగ్గయ్య స్టూలు మీద నుంచి లేవలేక ఆలస్యం చేస్తే "రెండేండ్ల నుంచి ఎవని సొమ్ము తింటున్నవ్ రా" అన్నాడట, మార్కెట్టు అంతా వింటుండగా. మాసమ్మ నాకు ఇది చెబుతూ ఏడవలేదు. "అనర్హులంటే ఏందమ్మా?" అని మాత్రం అడిగింది.

నీకు తెలుసు కదా ఆ మాటకు అర్థం. నువ్వు చెప్పు.

మనోరమ

*

అశోక్ నగర్,
ఆగస్టు 25, సోమవారం

మనోరమా,

పేపరు నేనూ చూశాను. నీకంటే ముందే. రాయడానికి చేయి రాలేదు, అంతే.

నేను "అనర్హులు" అనే మాట వాడలేదు. పదకొండు పేజీల నకలు నా దగ్గరుంది, ఎక్కడా లేదు. ఎవడో సెక్షన్ గుమాస్తా నా ఏడో అభ్యంతరంలో పై సగం కత్తిరించుకుని, "కాబట్టి ఆ మాట మార్చాలి" అన్న కింది సగం వదిలేశాడు. ఇట్లా కత్తిరించడం ఎవరు నేర్పారు? జైపాల్ హయాంలో ఆ శాఖ అట్లా తయారైంది. అసలు అతను ఆ "కొనుగోలుదారు" మాట రాయకపోతే నేను ఏడోది రాసేవాణ్నే కాదు. అతని అజాగ్రత్తకు నా పేరు ఎక్కడం ఏమిటి? పేరు కూడా వేయలేదు, "ఒక విశ్రాంత అధికారి" అట. ముప్పై రెండేళ్ల నౌకరీకి అది నా బిరుదు.

నాలుగు రోజుల నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. పొద్దున లైబ్రరీకి వెళ్తాను, పేపరు స్టాండు దగ్గర నిలబడతాను, చదవకుండానే వచ్చేస్తాను. చాయ్ తెప్పించుకుని తాగడం మరిచిపోతాను. ఎవరు మెట్లెక్కినా లేచి నిలబడుతున్నాను.

ఇవాళ మాసమ్మే ఎక్కింది. సంచి లేదు. నీ ఉత్తరం ఇచ్చి, వెళ్లకుండా గుమ్మంలో నిలబడింది. దాన్ని విప్పాలంటే ఆమె ముందు విప్పాలి.

"సారూ, నాకొక అర్జీ రాసియ్యి" అంది.

"దేనికి?"

"మేం దొంగలం కాదని. జర మంచిగ రాయి సారూ, నువ్వు రాసింది పెద్ద సార్లు సుత చదువుతరంట గద."

చదివారు. అదే కదా వచ్చిన చిక్కు. కాగితం ముందు పెట్టుకున్నాను. "ఆర్యా" అని రాశాను. ఆమె నా పెన్ను వైపే చూస్తోంది. అర్జీదారు అనర్హురాలు కాదు అని రాయాలంటే, అనర్హురాలని ముందు అన్నదెవరో రాయాలి. చేయి నొప్పి అని అబద్ధం చెప్పి గురువారం రమ్మన్నాను. "పైలం సారూ, నూనె రాసుకో" అని వెళ్లిపోయింది.

సరిగ్గా ఆ ఉత్తరం ఇచ్చి ఆమె చేతనే నాకు అర్జీ అడిగించావు. నన్ను శిక్షించడానికి నువ్వు ఎంచుకున్న పద్ధతి బాగుంది. ఆమెకు మాత్రం చెప్పకు. అది ఒక్కటే అడుగుతున్నాను.

కాశీవిశ్వనాథం

*

నారాయణగూడ,
ఆగస్టు 28, గురువారం

అన్నయ్యా,

నేను ఆమెను పంపలేదు. అర్జీ సంగతి నీ ఉత్తరం చూశాకే తెలిసింది. శిక్షలు వేసే తీరిక నాకు లేదు.

ఆమెకు నేను చెప్పలేదు కూడా. ఆమే నాకు చెప్పింది. మీ వీధి హాస్టల్లో దమయంతి అనే అమ్మాయి చేత పేపరు చదివించుకుందట. ఆ అమ్మాయి "విశ్రాంత అధికారి" అనేసరికి "అంటే ఎవరు బిడ్డా" అని అడిగిందట. రిటైరైన సారు అని చెప్పింది ఆ పిల్ల.

"గా సారు మన సారేనా అమ్మా?" అని నన్ను అడిగింది. నేను మాట్లాడలేదు. ఆమెకు అది చాలు. కాసేపు కూర్చుని, "చెయ్యి నొస్తదన్నడు" అని ఒక్కటే అంది. ఈ ఉత్తరం తీసుకెళ్తావా అంటే, "తీస్కపోత. నా సంచి ఖాళీగనే ఉన్నది" అంది.

నీ ఉత్తరం నాలుగు పేజీలు. జైపాల్ గురించి రెండు, గుమాస్తా గురించి ఒకటి. బుగ్గయ్యను మార్కెట్లో నిలబెట్టి అన్న మాట గురించి ఒక్క అక్షరం లేదు. నేను రెండుసార్లు వెతికాను.

ఆరేళ్లుగా అడగనిది ఇవాళ అడుగుతాను. మా ఆయన సంస్మరణ సభలో నువ్వు లేచి ఏమన్నావో నీకు గుర్తుందా? ఈ ఊళ్లో పూడిపోయిన బావుల చరిత్ర రాస్తానని ఇరవై ఏళ్లు తిరిగిన మనిషి. "జగన్మోహన్ ఇరవై ఏళ్లలో నలభై పేజీలు రాశాడు, అందులో పదకొండు తప్పులున్నాయి" అని కూర్చున్నావు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నేను గేటు చూపించింది నువ్వు చెప్పినదానికి కాదన్నయ్యా. అంతటితో కూర్చున్నందుకు.

సీసాల కాగితంలోనూ అంతటితోనే కూర్చున్నావు.

మనోరమ

*

అశోక్ నగర్,
సెప్టెంబరు 15, సోమవారం

మనోరమా,

ఇది పోస్టులో వస్తోంది. మూడు సోమవారాలు, రెండు గురువారాలు చూశాను, మాసమ్మ రాలేదు. మొదట ఆమె నా మీద కోపంతో మానేసిందనుకున్నాను. తరవాత నువ్వే ఉత్తరాలు ఆపేశావనుకున్నాను. చివరికి మార్కెట్టు దాకా వెళ్లి చూస్తే డబ్బాకు తాళం అట్లాగే ఉంది, ముందు ఎవరో కొత్తిమీర పరుచుకున్నారు. సీసాలు లేకపోతే ఆమె ఈ వీధుల్లోకి ఎందుకు వస్తుంది? ఇంత చిన్న సంగతి నాకు పదిహేను రోజులకు తట్టింది.

ఈలోపు ఒకటి జరిగింది. బిల్లును పరిశీలించే సంఘం వాళ్లు అభిప్రాయాలు వింటామన్నారు. ఒక అధికారి ఫోను చేసి, "సార్, రద్దును సమర్థించేవారిలో మీ నోటే అందరికంటే బలంగా ఉంది. మీరు వచ్చి రెండు మాటలు చెబితే బాగుంటుంది. కారు పంపుతాం" అన్నాడు. సమర్థించేవారిలో. కారు వద్దన్నాను. శుక్రవారం ఆటోలో వెళ్లాను.

జైపాల్ వచ్చాడు. చట్టం తరపున. వినికిడి యంత్రం పెట్టుకున్నాడు, చేతికర్ర. ముప్పై ఏళ్ల కిందట ఆ గదిలోకి నేను పై అధికారిగా, అతను నా ఫైళ్లు మోస్తూ వచ్చేవాళ్లం. ఇప్పుడు బల్లకు అటు అతను, ఇటు నేను. నా పక్కన కూల్‌డ్రింకుల డీలర్ల సంఘం వాళ్లు. అందులో ఒకాయన నా భుజం తట్టి "పెద్దాయన భలే రాశారండి" అన్నాడు. ఆ చేయి ఇప్పటికీ భుజం మీదే ఉన్నట్టుంది.

నా వంతు వచ్చింది. ఇరవై రెండు అభ్యంతరాలూ చదవమన్నారు. చదవలేదు. నిలబడి, "ఇది నేను రాసిందే. ప్రతి మాటా నిజం. కానీ ఇందులో ఒక వాక్యం లేదు. ఆ వాక్యం లేకపోవడం నా తప్పు. ఈ చట్టం ఉండాలి" అన్నాను. అధ్యక్షుడు కళ్లద్దాలు తీశాడు. "మీ నోటులో అట్లా లేదు కదండీ" అన్నాడు. "లేదు. ఇప్పుడు రాసుకోండి. తెచ్చినవారెవరికైనా అని మార్చి కొనసాగించండి. మా చిక్కడపల్లిలో మాసమ్మ, బుగ్గయ్య అని ఇద్దరున్నారు. అనర్హులని మీరన్నది వాళ్లని. వాళ్లు ఏరిన సీసాలు ఈ రెండేళ్లలో మా మోరీల్లోకి పోలేదు. అర్హత అంటే ఇంకేమిటి?" అన్నాను. డీలరు తన కుర్చీ అవతలికి జరుపుకున్నాడు. "వచ్చిన నోటునే పరిగణనలోకి తీసుకుంటాం" అని అధ్యక్షుడు తరవాతి పేరు పిలిచాడు.

బయట వరండాలో జైపాల్ కర్ర ఊతంతో నా పక్కకు వచ్చాడు.

"ఏం కాశీ, ఇన్నేండ్లకు నా ముసాయిదా నచ్చిందా?"

"నచ్చలేదు. ఉండాలె అని చెప్పిన."

"ఏడోది నిజంగనే నా తప్పే. రాసేటప్పుడు తట్టలే. నువ్వుంటే పట్టుకునేటోనివి."

మనోరమా, ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురు చూశానో నీకు తెలుసు. అది విన్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఆటో దొరుకుతుందా అని రోడ్డు వైపు చూస్తున్నాను.

కాశీవిశ్వనాథం

*

నారాయణగూడ,
సెప్టెంబరు 22, సోమవారం

అన్నయ్యా,

పోస్టుమ్యాన్ చేతిలో నీ చేతిరాత చూసి నువ్వు పోయావనుకున్నాను. పోతే పంపమని ముందే రాసి ఎవరికైనా ఇచ్చి ఉంటావని అనుకున్నాను. అది నీ పద్ధతే. తేదీ చూశాక ఊపిరి వచ్చింది. అయిదు రోజులు పట్టింది ఇక్కడికి రావడానికి.

నువ్వు ఆ గదిలో అన్నది చదివాను. మంచి పని చేశావు అని రాయడానికి చేయి వస్తోంది, కానీ మాసమ్మ సంగతి ముందు రాయాలి. ఆమె నల్లకుంటలో ఒక అపార్టుమెంటు పనిలో ఇసుక మోస్తోంది. రెండేళ్ల కిందట మానేసిన పని. ఆదివారం ఇక్కడికి వస్తే నీ ఉత్తరం చదివి వినిపించాను, మార్కెట్టు ముక్క నుంచి చివరి దాకా. "మా పేర్లు చెప్పిండా? ఆడ? అంతమంది ముంగట?" అని రెండుసార్లు అడిగింది. "మా ఆయనకు చెప్త" అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఆమె మాట్లాడలేదు కాబట్టి క్షమించిందని నువ్వు రాసుకోకు.

బుగ్గయ్య ఇంట్లోనే ఉన్నాడు. స్టూలు మాత్రం డబ్బాలో ఉండిపోయిందట. అడిగితే తాళం తీయరట.

మనోరమ

*

అశోక్ నగర్,
అక్టోబరు 9, గురువారం

మనోరమా,

బిల్లు పాసయిందని నీకు తెలిసే ఉంటుంది. పేపర్లో మూడో కారణం మారలేదు. నా రెండు వాక్యాలూ అట్లాగే ఉన్నాయి. నేను నోటితో అన్న వాక్యం ఎక్కడా లేదు. వాళ్ల దృష్టిలో నేను రద్దును సమర్థించినవాణ్నే. ఇక అది మారదు. చట్టాల చరిత్ర ఎవరైనా చదివితే నన్ను అట్లాగే చదువుతారు.

నిన్న డబ్బాను ఎత్తుకుపోయారు. మార్కెట్టుకు వెళ్తే అప్పుడే ట్రాక్టరు మీద పెడుతున్నారు. మాసమ్మ అక్కడుంది, పని సగం రోజు మానుకుని వచ్చింది. స్టూలు కోసం. తాళం పగలగొట్టిన మనిషిని అడిగి నేనే లోపలికి వంగి దాన్ని తీసి ఇచ్చాను. ఒక కాలు వదులుగా ఉంది, బుగ్గయ్య దానికి సైకిలు ట్యూబు చుట్టాడు.

ఆమె స్టూలు తీసుకుని చంకలో పెట్టుకుంది. నేను చెప్పాలనుకున్నది చెప్పాను. "తప్పు నాదే మాసమ్మా" అని. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"మంచిగనే చెప్పినవంట సారూ. జర ముందే చెప్పకపోతివి."

అని నల్లకుంట వైపు నడిచి వెళ్లిపోయింది. ముప్పై రెండేళ్లలో నా మీద ఎవరూ ఇంత కచ్చితమైన నోటు రాయలేదు.

ఆ అర్జీ రాశాను. రద్దయ్యాక ఎందుకు అంటావు. దొంగలు కాదని ఒక కాగితం మీద ఉండాలి కదా, అందుకు. ఎవరు కత్తిరించుకున్నా మిగలాలని "వాళ్లు తప్పు చేయలేదు" అనే మాట ప్రతి పేరాలోనూ పెట్టాను. ముసాయిదా పద్ధతి ప్రకారం అది పునరుక్తి. ఉండనీ. దీంతో పాటే పెడుతున్నాను, ఆమెకు చదివి వినిపించు.

ఇంకొకటి. నువ్వు ఆగస్టులో అడిగినదానికి జవాబు. ఆ సభలో నేను నిలబడినప్పుడు రెండు వాక్యాలు అనుకుని నిలబడ్డాను. మొదటిది నువ్వు విన్నావు. రెండోది, ఆ నలభై పేజీలూ నేను మూడుసార్లు చదివాను, ఆ తరవాత ఈ ఊళ్లో ఏ వీధిలో నడిచినా కింద నీళ్లున్నట్టు అనిపిస్తుంది, ఈ పుస్తకం పూర్తి కావాలి, జగన్మోహన్ లేకపోవడం నాకు కష్టంగా ఉంది. ఇది అందరికీ తెలిసిందే కదా, వేరే చెప్పాలా అనుకుని కూర్చున్నాను.

పోస్టు అయిదు రోజులు తీసుకుంటోంది. తెచ్చే మనిషి లేదు. కాబట్టి దీన్ని నేనే తెచ్చి నీ గేటు దగ్గర పెట్టెలో వేసి వెళ్తాను. పిలవను. నీ షరతు నాకు గుర్తుంది. నోటితో ఏమీ చెప్పను.

అన్న

*

నారాయణగూడ,
అక్టోబరు 11, శనివారం

అన్నయ్యా,

మొన్న సాయంత్రం నువ్వు వచ్చినప్పుడు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకున్నావు. పెట్టెలో కవరు వేసి, అది లోపల పడిందో లేదో రెండుసార్లు తట్టి చూసి, వంతెన వైపు వెళ్లిపోయావు. మోకాలి వల్ల నేను మెట్లు దిగేసరికి నువ్వు మలుపు తిరిగావు. పిలిచాను. బస్సుల చప్పుడులో నీకు వినపడలేదు.

అర్జీ మాసమ్మకు చదివి వినిపించాను. మధ్యలో ఆపి, గా ముక్క మళ్లా చదువమ్మా అంది, మూడుచోట్ల. మడిచి రవికె లోపల పెట్టుకుంది. ఏ ఆఫీసులోనూ ఇవ్వదట. బుగ్గయ్యకు ఇస్తుందట.

ఇప్పుడు నీకు తెలియనిది ఒకటి. మా ఆయన రాసింది నలభై పేజీలు కాదు. డెబ్బై ఒకటి. మొదటి నలభైని నువ్వు ఎర్ర పెన్సిలుతో దిద్ది పంపాక ఇంకెవరికీ చూపించలేదు, కానీ రాయడం ఆపలేదు. నువ్వు పట్టుకున్న పదకొండు తప్పులూ మార్చుకున్నారు. మిగతా ముప్పై ఒక్క పేజీల్లో ప్రతి అంచునా చిన్నగా రాసుకున్నారు, "కాశీ దీనికి ఒప్పుకోడు" అని. ఆయన పోయాక బీరువాలో దొరికాయి. ఆరేళ్లుగా నీకు చెప్పలేదు. దాంట్లో నా తప్పు కూడా ఉంది.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను, అయిదు రోజులకు వస్తుంది. ఆ పేజీలు మాత్రం పోస్టులో వేయను. తెచ్చే మనిషి లేదు. నువ్వే వచ్చి చదువుకో. ఎర్ర పెన్సిలు తెచ్చుకో.

మనోరమ